వర్ణవివక్షా నిరాకరణము: రెండు వాదములు



మేనిరంగును బట్టి మనుజుని తక్కువ చేయరాదనుట నేడు వివేకులందరు నంగీకరించిన మాట. అయితే పూర్వము జరిగిన అన్యాయమును దిద్దుటకు మరల ఆ రంగునే లెక్కింపవచ్చునా, కూడదా? అమెరికాలో పెరిగిన వివాద మిదియే.

1896లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము నల్లవారిని వేరుగా నుంచుట చెల్లుననెను. 1954లో ఆ న్యాయస్థానమే పాఠశాలలలో అట్టి వేర్పాటు చెల్లదనెను. 1964లో పౌరహక్కుల శాసనము వెలసెను. పిమ్మట పెక్కు కళాశాలలు నల్లవారికి ప్రవేశము కల్పించుటకై జాతిని గూడ గణింపసాగెను. 2023 జూన్ 29న ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు వచ్చెను.

పూర్వపక్షము వారందురు: రంగును చూడరాదన్నచో ఎవరియెడలను చూడరాదు, తాత తప్పునకు మనుమని దండించుట ధర్మము గాదు. దీనికి ప్రతివాదులు చెప్పు సమాధాన మిది: తాత అపహరించిన పొలమును మనుమ డనుభవించుచుండగా, పోగొట్టుకొన్నవాని మనుమడు కూలి చేయుచుండగా, నేటినుండి అందరును సమానులే యనిన చాలునా?

ఈ వాదము మనకు దూరమైనది గాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యెమున, భారతీయులు తెల్లవారు గారు గావున పౌరసత్వమున కర్హులు గారని ఆ న్యాయస్థానమే తీర్చెను. 1946లో ఆ యడ్డు తొలగినను, వలసకు ఏటికి సుమారు నూర్గురకే తావు కలిగెను. 1965 నాటి శాసనము పుట్టిన దేశమును బట్టి వలసను కొలుచు పద్ధతిని రద్దుచేసెను. నల్లవారి పోరాటము కల్పించిన వాతావరణములోనే ఆ శాసనము పుట్టినది. మన తెలుగు బిడ్డలు అచ్చటికి వేలకొలది పోగలిగిన దాని ఫలముననే. అట్లయ్యు, 2023 వ్యాజ్యెములో హార్వర్డ్ విశ్వవిద్యాలయము ఆసియా సంతతివారికి అన్యాయము చేయుచున్నదను వాదము ముందునకు వచ్చెను. కావున మనవారు నల్లవారికి ఋణస్థులును, ఆ పద్ధతిపై ఫిర్యాదు గలవారును అయిరి.

ఔషధము రోగమును బట్టి యుండవలెను. రోగము కుదిరినను సేవించుట తప్పు. కుదురకమునుపే మానుటయు తప్పే. రంగును గాక, రంగువలన కలిగిన నష్టమును కొలుచుట న్యాయమని నాకు తోచుచున్నది. జాతి తన జీవితమును ఎట్లు ప్రభావితము చేసినదో విద్యార్థి వ్రాసికొనుటను 2023 తీర్పు సైతము నిషేధింపలేదు.

కడపట నొక్క మాట. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరము కులవివక్షను గూడ నిషేధించెను. అనగా మన దోషము మన బిడ్డలతో సముద్రము దాటినది! దూరదేశమున రంగునుబట్టి మన బిడ్డను అవమానించిన మనము నొచ్చుకొందుము. మన యూరిలో సాటివానిని కులమునుబట్టి దూరముంచిన, వాని తండ్రియు అట్లే నొచ్చుకొనునని పెద్దలు తలపోయుదురు గాక.