గోమార్లు తెచ్చే రోగానికి టీకా మన ఊరికి రావాలి

(పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



సంకరజాతి ఆవుకు జ్వరం తగిలి, భుజం ముందు బిళ్ల కట్టి, పాలు తగ్గిపోతే మనం ఎండదెబ్బ అనుకుంటాం. చాలాసార్లు అది థైలీరియాసిస్. గోమార్లు, అంటే పిడుదులు మోసుకొచ్చే రోగం. నాటు ఆవులు కొంత తట్టుకుంటాయి. అప్పు చేసి తెచ్చుకున్న జెర్సీ, హెచ్‌ఎఫ్ ఆవులే ఎక్కువగా పడిపోతాయి.

గోమారి కుట్టినప్పుడు దాని ఉమ్మితో పరాన్నజీవి ఆవు ఒంట్లోకి పోతుంది. తెల్ల రక్తకణాల్లో దూరి వాటిని కేన్సర్ కణాల్లా పెంచుతుంది. తర్వాత ఎర్రకణాల్లోకి పాకి రక్తహీనత తెస్తుంది. తొలి రోజుల్లోనే బుపార్వక్వోన్ సూది పడితే ఆవు దక్కే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే మందు ఖర్చూ పోతుంది, ఆవూ పోతుంది.

టీకా లేదా అంటే, ఉంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారి రక్షావాక్-టి. బతికున్న పరాన్నజీవిని బలహీనపరిచి చేసిన టీకా అది. ద్రవ నత్రజనిలోనే దాచాలి. అందుకే ఊళ్లకు చేరడం కష్టం.

శాస్త్రవేత్తలు ఇంకో దారి వెతుకుతున్నారు. పరాన్నజీవి మొత్తం అక్కర్లేదు, ఆవు శరీరం శత్రువును గుర్తుపట్టే ముక్క దొరికితే చాలు. దాన్నే యాంటీజెన్ అంటారు. 2005లో ఈ పరాన్నజీవి జన్యుపటం వెలువడింది. సుమారు 3,800 జన్యువులు. వాటిలో ఏ ముక్క పనికొస్తుందో తేల్చాలి. గోమారి నుంచి వచ్చే దశలో పైపొర మీదుండే స్పాగ్-1 అనే ప్రొటీన్‌ను ఆవులకిచ్చి చూస్తే కొంతవరకే రక్షణ వచ్చింది. ఎందుకంటే పరాన్నజీవి దశదశకూ రూపు మారుస్తుంది, కణంలోకి దూరి దాక్కుంటుంది. ఒక్క ముక్కతో కాదు, రెండు మూడు దశల ముక్కలు కలపాల్సి రావచ్చు.

మన డిమాండ్లు రెండు. ఒకటి, ఈ పరిశోధనకు ప్రభుత్వం డబ్బు పెట్టాలి, వచ్చే టీకా పేదరైతుకు అందే ధరలో ఉండాలి. రెండు, అది వచ్చేదాకా ఉన్న టీకాను ఊళ్లకు తేవాలి. ఎద సూదికి వీర్యం తెచ్చే నత్రజని క్యాను మన ఊరికి రావడం లేదా? గాలికుంటుకు, బ్రూసెల్లోసిస్‌కు 2019లో కేంద్ర పథకం పెట్టి ఉచితంగా టీకాలు వేస్తున్నారు. దీనికీ వేయాలి.

ఈలోగా చెవులు, పొదుగు, తోక కింద రోజూ చూడండి. కొట్టం గోడల పగుళ్లు పూడ్చండి, గోమార్లు దాక్కునేది అక్కడే. జ్వరం, బిళ్ల కనిపించిన రోజే డాక్టరును పిలవండి.