ఉద్యోగం విడిచిన మనిషి, వార్త రాసే మనం



ఆంధ్రప్రభను నడిపించి, 1960లో ఆంధ్రజ్యోతికి తొలి సంపాదకులైన నార్ల వెంకటేశ్వరరావు గారిని తలచుకునే సభ ఇది. పత్రికలో జనం మాట్లాడుకునే తెలుగే ఉండాలని పట్టుబట్టినవారాయన. జనభాషలో రాసిన నిజం జనంలోకి త్వరగా వెళుతుంది. అబద్ధమూ అంతే త్వరగా వెళుతుంది. అందుకే ఈ సభలో ఒక విషయం మీ ముందుంచుతున్నాను. ఒకరు ఉద్యోగం మానినప్పుడో, వారిని మాన్పించినప్పుడో, రుజువు కాని కారణాలను మనం వార్తలుగా ఎలా రాస్తున్నాం?

అమెరికాలో షెర్లీ షెరాడ్ అనే నల్లజాతి మహిళ వ్యవసాయ శాఖలో జార్జియా రాష్ట్ర గ్రామీణాభివృద్ధి విభాగానికి డైరెక్టర్‌గా ఉండేవారు. 2010 జూలై 19న ఆండ్రూ బ్రైట్‌బార్ట్ అనే వ్యాఖ్యాత తన వెబ్‌సైట్‌లో ఆమె ప్రసంగంలోని రెండున్నర నిమిషాల ముక్కను పెట్టారు. ఒక తెల్లజాతి రైతుకు తాను మనస్ఫూర్తిగా సాయం చేయలేదని ఆమె చెబుతున్నట్టు అందులో ఉంది. ఆమె జాతి వివక్ష చూపారన్న ప్రచారం గంటల్లో దేశమంతా పాకింది. కారు నడుపుతున్న ఆమెకు పైఅధికారులు ఫోన్ చేసి, అదే రోజు రాజీనామా రాయించుకున్నారు. పౌరహక్కుల సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి. కూడా తొందరపడి ఆమెను ఖండించింది.

ఆ ప్రసంగం జరిగింది ఆ సంస్థ సభలోనే. సుమారు 43 నిమిషాల పూర్తి వీడియో వాళ్ల దగ్గరే ఉంది. మర్నాడు అది బయటికి వచ్చాక అసలు సంగతి తెలిసింది. ఆమె చెప్పింది 1986 నాటి అనుభవం. అప్పటికి ఆమె ప్రభుత్వోద్యోగి కాదు, రైతులకు అండగా నిలిచే ఒక సహకార సంస్థలో పనిచేస్తున్నారు. మొదట మనసులో మెదిలిన పక్షపాతాన్ని ఎలా జయించారో, పేదరికానికి రంగు లేదని ఎలా గ్రహించారో వివరించడమే ఆ ప్రసంగం సారం. ఆ రైతు దంపతులు, రోజర్, ఎలోయిస్ స్పూనర్, స్వయంగా ముందుకు వచ్చి తమ పొలాన్ని కాపాడింది ఆమేనని చెప్పారు. వ్యవసాయ మంత్రి టామ్ విల్‌సాక్ క్షమాపణ చెప్పారు. అధ్యక్షుడు ఒబామా ఫోన్ చేశారు. మరో పదవి ఇస్తామంటే ఆమె వద్దన్నారు. 2011లో బ్రైట్‌బార్ట్ మీద ఆమె వేసిన పరువునష్టం దావా 2015లో గానీ రాజీతో ముగియలేదు. ఒక్క రోజులో పోయిన పేరు కోసం నాలుగేళ్లకు పైగా కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది.

పూర్తి వీడియో ఏదని అడగడానికి ఒక్క ఫోన్ చాలు. ఆ ఫోన్ చేయకుండానే వార్త నడిపినవారిదే ఇక్కడి నేరం.

ఉద్యోగం విడిచినవారి వార్తల్లో మరో చిక్కు ఉంది. వెళ్లినవారు తరచుగా మాట్లాడరు. ఒప్పందంలో నోరు కట్టేసే షరతు ఉండవచ్చు, రావలసిన బకాయిలు ఆగిపోతాయన్న భయం ఉండవచ్చు, రేపటి ఉద్యోగం గురించిన బెంగ ఉండవచ్చు. సంస్థ కూడా వ్యక్తిగత కారణాలంటూ రెండు ముక్కలతో సరిపెడుతుంది. ఆ ఖాళీని మనం విశ్వసనీయ వర్గాల భోగట్టాతో నింపుతున్నాం. మౌనాన్ని అంగీకారంగా రాయడం అన్యాయం. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత రచ్చబండ మీద చెల్లుతుందేమో గానీ, వార్తకు చాలదు.

అలాగని ఆరోపణలను మూట కట్టి పక్కన పెట్టమని నేననను. 2017 అక్టోబరు 5న న్యూయార్క్ టైమ్స్‌లో జోడీ కాంటర్, మేగన్ టూహీ హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ లైంగిక వేధింపుల గురించి రాశారు. నెలల తరబడి బాధితులతో మాట్లాడారు, రాజీ ఒప్పందాలు, సంస్థలోని పత్రాలు పరిశీలించారు, ఆయన జవాబుకూ అవకాశమిచ్చారు. మూడు రోజుల్లో సొంత కంపెనీయే ఆయన్ను తొలగించింది. నిర్ధారణ ఆ కథనాన్ని బలహీనపరచలేదు, దానికి వెన్నెముక అయింది.

మన దేశంలోనూ సరిచూసుకునే దారులున్నాయి. లిస్టెడ్ కంపెనీ స్వతంత్ర డైరెక్టర్ రాజీనామా చేస్తే, ఏడు రోజుల్లోగా కారణాలు స్టాక్ ఎక్స్ఛేంజీలకు చేరాలని, చెప్పినవి తప్ప వేరే ముఖ్య కారణాలు లేవని ఆ డైరెక్టరే ధ్రువీకరించాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. కాగితం దొరికే చోట పుకారు రాయడం బద్ధకమే. కాగితం దొరకని చోట బాధ్యత ఇంకా పెరుగుతుంది. ప్రైవేటు బడి టీచరుకు, ఆసుపత్రి నర్సుకు, చిన్న కంపెనీ గుమస్తాకు ఏ ఎక్స్ఛేంజీ రక్షణా లేదు. ప్రచురణకు ముందే సరిచూసుకోవాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. కానీ ఆ కౌన్సిల్ మందలించగలదు తప్ప శిక్షించలేదు, టీవీ చానళ్లు దాని పరిధిలోకే రావు. కాబట్టి అసలు కాపలా మన డెస్కులోనే ఉండాలి.

యువ పాత్రికేయులకు నా విన్నపం ఇది. ఆరోపణ చేసినవారికి ఆ విషయం ఎలా తెలిసిందో అడగండి. మూలపత్రాన్ని, పూర్తి రికార్డును చూడండి. ఆరోపణకు గురైనవారికి జవాబు చెప్పేంత వ్యవధి ఇవ్వండి, రాత్రి పదకొండింటికి ఒక మెసేజ్ పెట్టి స్పందించలేదని రాయకండి. తెలిసినంతే రాయండి: రాజీనామా జరిగిందని తెలిస్తే అంతవరకే. తప్పు దొర్లితే, తప్పు వచ్చిన పేజీలోనే, అదే అక్షరాల సైజులో సవరించండి. ఒక మనిషి జీవనాధారం గురించి రాసేటప్పుడు పోటీ పత్రిక కంటే గంట ఆలస్యమైనా ఫరవాలేదని చెప్పే ధైర్యం సంపాదకులకు ఉండాలి. ఆ ధైర్యమున్న పత్రికనే పాఠకులు కొని చదవాలని కోరుతున్నాను.