నేల చెప్పే సాక్ష్యం: గుంటనక్క జాడలు

హౌరా, నాగపూరు పట్టణాలను కలిపే రైలు మార్గంలో భిలాయి పవర్ హౌస్ ఒక స్టేషను. 1955లో సోవియట్ యూనియనుతో కుదిరిన ఒడంబడిక ఫలితంగా ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నాటినుండి దేశం నలుమూలల కార్మికులతోపాటు ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ ఉక్కునగరానికి వచ్చి స్థిరపడ్డాయి.

పలు భాషలు కలిసిన ఇటువంటి చోట ఒక చిన్న జంతువు పేరే చిక్కు తెచ్చిపెడుతుంది. తెలుగు బాలుడు ద్రాక్షపళ్ల కథలో చదివినది నక్క. నిజానికి ఆ గ్రీకు కథలోని జంతువు వేరు. హిందీలో దానిని లోమ్‌డీ అంటారు, తెలుగులో గుంటనక్క అనాలి. పంచతంత్రంలోని కరటక దమనకులు మాత్రం అసలైన నక్కలు. హిందీవారికి సియార్, ఛత్తీస్‌గఢీ రైతుకు కోలిహా. ఇలా రెండు జంతువులు ఒకే పేరున చలామణి అయినప్పుడు ఒకదాని మీద పడిన నింద రెండవదానికి కూడా తగులుతుంది. ఈ తగవును తీర్చగలది నిఘంటువు కాదు, నేల.

గుంటనక్క దట్టమైన అడవిని కోరదు. పొట్టి గడ్డి, పలుచని పొదలు, బీడు భూములు దానికి ఇష్టం. ఛత్తీస్‌గఢ్ మైదానంలో రైతులు భాటా అని పిలిచే ఎర్రని గులకనేలలు, పొలాల నడుమ ఎత్తైన గట్లు అటువంటి చోట్లే. గులకరాతిపై అడుగు పడదు గనుక జాడ వెతికేవారు వానకు తడిసి ఆరుతున్న బండ్లబాటను, చెరువు అంచునున్న బురదను, మెత్తని దుమ్మును చూడాలి. ఉదయపు ఏటవాలు వెలుగులో ముద్ర అంచులు స్పష్టంగా కనిపిస్తాయి.

ముందుగా వేళ్లను లెక్కించాలి. కుక్క, నక్క, గుంటనక్క, పిల్లి, వీటన్నిటి ముద్రలోనూ నాలుగు వేళ్లే పడతాయి. పిల్లి నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది గనుక దాని ముద్రలో గోటి గుర్తు ఉండదు. తక్కిన మూడింటికీ ఉంటుంది. తరువాత పరిమాణం. నక్క ఎనిమిది నుంచి పది కిలోలు తూగగా గుంటనక్క సుమారు మూడు కిలోల ప్రాణి. దాని అడుగు పిల్లి అడుగుకన్న కొంచెమే పెద్దది, కోలగా ఉంటుంది. నక్క ముందుకాలి నడిమి రెండు వేళ్ల మెత్తలు వెనుకవైపు కలిసిపోయి ఉంటాయి. ఇది దానిని పట్టి ఇచ్చే గుర్తు. ఊరకుక్క అటూ ఇటూ తిరిగి వంకరగా పోతుంది. గుంటనక్క సాధారణంగా ముందుకాలి ముద్రపైనే వెనుకకాలు మోపుతూ, దారం పట్టినట్లు ఒకే వరుసలో సాగిపోతుంది.

ఒక్క ముద్రను చూసి తీర్పు చెప్పరాదు. మట్టి జారితే చిన్న అడుగు పెద్దదవుతుంది. అందుచేత ఇతర సాక్ష్యాలను కూడా కూర్చాలి. రాతిమీదనో గడ్డిదుబ్బుమీదనో కనబడేటట్లు విడిచిన సన్నని పెంటికలో పురుగుల రెక్కల పెంకులు, ఎలుక వెంట్రుకలు, రేగుగింజలు ఉండవచ్చు. వాటిని చేతితో తాకక పుల్లతో కదిలించి చూడాలి. బోరియకు తరచుగా ఒకటికి మించిన ద్వారాలుంటాయి. వాటి ముందు తవ్విపోసిన కొత్త మట్టి, దానిపై అడుగులు కనిపిస్తే అది వాడుకలో ఉన్నట్లు. గుంటనక్క తోక చివర నల్లని కుచ్చు ఉంటుంది. రాత్రివేళ గుంపుగా ఊళ పెట్టేది నక్క. గుంటనక్కది పొట్టి అరుపు.

ఈ పరిజ్ఞానం వినోదం కోసమే కాదు. ఎలుకలను, పురుగులను తిని గుంటనక్క రైతుకు మేలు చేస్తుంది. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు బోరియలో కూనలుండే కాలం. ఆ రోజులలో నక్క బోరియ అనో, ఉత్త గుంత అనో పూడ్చివేస్తే ఒక కుటుంబం సజీవ సమాధి అవుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జంతువుకు రక్షణ కల్పించింది. అయితే బీడును వట్టి వ్యర్థభూమిగా చూసే కంటికి అక్కడ రక్షించవలసిన ప్రాణి ఉన్నదనే తోచదు. జాడ గుర్తించడం వచ్చినవాడే చట్టానికి తొలి సాక్షి.

జాగ్రత్త కూడా అవసరం. బోరియలో చేయి పెట్టరాదు, పొగ పెట్టరాదు. మనిషిని చూసి బెదరని జంతువుకు రేబిస్ ఉండవచ్చు. దానికి దూరంగా తొలగిపోవాలి. కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక టీకా వేయించుకోవాలి.

విద్యార్థికి కావలసిన పరికరాలు స్వల్పం: కొలబద్ద, పెన్సిలు, నోటుపుస్తకం. ముద్ర పక్కన కొలబద్ద ఉంచి బొమ్మ గీసి, తేదీ, స్థలం, నేల స్వభావం రాసుకోవాలి. అదృష్టవంతుణ్ణి నక్కతోక తొక్కి వచ్చాడనడం తెలుగువారి అలవాటు. తోకను తొక్కనక్కరలేదు, అడుగును తొక్కకుండా వంగి చూడగలిగితే చాలు. లోమ్‌డీ అన్న బాలుడూ, గుంటనక్క అన్న బాలికా ఆ ముద్ర మీదికి కలిసి వంగినప్పుడు, పేర్లు రెండైనా కొలత ఒక్కటే వస్తుంది.