శాసనమును కొట్టివేయుటకు ఎందరు న్యాయమూర్తులు కావలెను?

(మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



న్యాయస్థానములు శాసనములను కొట్టివేయవలెనన్నచో మూడింట రెండు వంతుల న్యాయమూర్తులు ఏకీభవింపవలెనని కొందరు విజ్ఞులు వాదింతురు. అల్పసంఖ్యాక భాషాకుటుంబములవారమైన మనము ఈ వాదమును శ్రద్ధగా పరిశీలింపవలసియున్నది.

ఈ నియమము మన దేశమున ఒకసారి అమలు జరిగినదే. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ దీనిని 144ఏ అధికరణముగా చేర్చెను. శాసనపు చెల్లుబాటును సుప్రీంకోర్టులో కనీసము ఏడుగురు విచారింపవలెను. వారిలో నలుగురు రాజ్యాంగ విరుద్ధమన్నను శాసనము నిలుచును. ముగ్గురి మాటయే నెగ్గును! అంగడి వీథి తగవులలో సైతము మేమిట్టి లెక్క యెరుగము. అచ్చట ఐదుగురు పెద్దలు కూర్చున్నచో ముగ్గురి మాట చెల్లును. రాష్ట్ర శాసనముల విషయమున హైకోర్టులకును ఇట్టి కట్టడియే చేసిరి. ఐదుగురు న్యాయమూర్తులైనను లేని హైకోర్టున అందరును ఏకము కావలసియుండెను. 1978 ఏప్రిల్‌లో అమలునకు వచ్చిన 43వ సవరణ వీనిని తొలగించెను.

ఎదుటివారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. 1967లో గోలక్‌నాథ్ వ్యాజ్యమున ఆరుగురొకవైపు, ఐదుగురొకవైపు. 1973లో కేశవానంద భారతి వ్యాజ్యమున ఏడుగురు, ఆరుగురు. ఒక్క న్యాయమూర్తి అభిప్రాయముపై ఇంత భారము నిలువవచ్చునా యని వారి ప్రశ్న.

కాని శాసనసభలో మన సంఖ్య ఏనాడు అధికము కాగలదు? 30వ అధికరణము మన బడులకిచ్చిన రక్షణ తలలెంచు చోట కాదు, న్యాయపీఠము నెదుట పనిచేయును. అచ్చటను త్రాసును ప్రభుత్వము వైపు ముందే మొగ్గించినచో మనకు మిగులునదేమి?

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రము 1920లో ఇట్టి నియమమునే చేసికొనెను. అచ్చటి సుప్రీంకోర్టులో ఏడుగురికి ఐదుగురు కలిసిననే శాసనము చెల్లకుండును; నేటికిని అదే రీతి. ఆ రాష్ట్రమే 1919లో, ఎనిమిదవ తరగతి దాటని పిల్లలకు వాడుకలోనున్న పరభాష నేర్పరాదని శాసించెను. పదేండ్ల బాలునికి జర్మను చదువు చెప్పినందుకు మేయర్ అను ఉపాధ్యాయునికి 25 డాలర్ల జుల్మానా పడెను. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ శిక్షను సమర్థించెను. 1923లో దేశపు సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చెను. అచ్చటి తొమ్మండుగురిలో ఏడుగురు కలియుట అదృష్టము. ఐదుగురే కలిసినను ఆ జర్మను కుటుంబములు గెలిచెడివే. మూడింట రెండు వంతుల నియమమున్నచో ఆ ఐదుగురు చాలకపోయెడివారు.

ఇట్టి ప్రతిపాదన ఏ పార్టీ ప్రణాళికలో కనిపించినను, ఓట్లడుగ వచ్చిన అభ్యర్థిని ఈ ఏడుగురిలో నలుగురి లెక్క గూర్చి మన సభ్యులు తప్పక అడుగవలెనని కోరుచున్నాము.