ట్రాలీ కింద చప్పుడు



ట్రాక్టరు వెనక కట్టిన ట్రాలీ కింద నుంచి ఏదో చప్పుడు వస్తుంటుంది. ఏమిటా చప్పుడని అడిగితే, "ట్రాలీ అన్నాక చప్పుడు చేయదా?" అని తోలేవాడు నవ్వుతాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇనుముకు ఇనుము తగిలేచోట ఏదో ఒక మోత తప్పదు. అయితే ఆ మోతల్లో వినీ వదిలేయదగినవి కొన్ని, చక్రాన్ని ఊడదీసేవి కొన్ని. ఏది ఏదో తెలుసుకోవడం ఎట్లా అనేది ఈ పూట మీతో ముచ్చటిస్తాను.

మాది విడపనకల్లు ప్రాంతం. ఉరవకొండ నుంచి బళ్ళారి పోయే దారిలో ఉంటుంది. కొంత ఎర్రనేల, కొంత నల్లరేగడి. ఎర్రనేలలో చెనిక్కాయ, రేగడిలో పప్పుశెనగ, తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు అందేచోట మిరప. వాన తక్కువ, దుమ్ము ఎక్కువ. ఆ తక్కువ వానకే రేగడి దారులు బురదయి గాళ్ళు పడతాయి. ఎండితే ఆ గాళ్ళు రాతికన్న గట్టిగా ఉంటాయి. ఇటువంటి దారిలో లోడుతో తిరిగే ట్రాలీ ఎంత దెబ్బ తింటుందో మీకు చెప్పనక్కరలేదు.

ఎద్దుల బండ్ల రోజులు చూసిన పెద్దవారికి ఈ విద్య కొత్త కాదు. ఇరుసు ఎండితే బండి కీచుమనేది. దిబ్బ అవతల వచ్చే బండి ఎవరిదో, చప్పుడు విని ఇంట్లో ఆడవాళ్ళు చెప్పేవారు. వెంటనే కందెన పెట్టేవారు. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి చేసిన కందెన అది. అలాగే ఎండాకాలంలో చక్రం కొయ్య ఎండి కుంచించుకుపోయి, చుట్టూ ఉన్న ఇనుప పట్టా వదులై టకటకమనేది. అప్పుడు చక్రాలను తీసుకుపోయి కుంటలో నానబెట్టేవారు. కొయ్య నీళ్ళు పీల్చి ఉబ్బి పట్టా మళ్ళీ బిగిసేది. ఈ నానబెట్టే సంగతి గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు మా ఇంటి సంగతే చెబుతాను. మా చిన్నాన్న కొడుకుకు ఒక ట్రాక్టరు, రెండు చక్రాల ట్రాలీ ఉన్నాయి. ఒక ఏడు దసరా ముందర ట్రాలీ కింద "గర్రు గర్రు" మని మొదలైంది. ఖాళీగా పోతే వినీవినపడనట్లు ఉండేది, చెనిక్కాయ మూటలు వేస్తే పెరిగేది. మా తమ్ముడు మొదట చేసిన వైద్యం ఏమిటంటే, ట్రాక్టరులో పాటల మోత పెంచడం. తర్వాత వెనక తలుపు గొలుసు వదులుగా ఉందని తాడుతో కట్టినాడు. చప్పుడు పోలేదు. తెలిసిన మెకానిక్కు ఒకాయన చూసి, "కమాన్ పట్టీలు పోయినాయి" అన్నాడు. పట్టీ ఒకటి విరిగి ఉన్న మాట వాస్తవమే. పట్టీలు మార్చినారు. కూలితో సహా వేల రూపాయలు పోయినాయి, చప్పుడు మాత్రం ట్రాలీని వదిలిపెట్టలేదు. ఆ మెకానిక్కును తప్పుపట్టను. విరిగిన పట్టీ కంటికి కనబడింది, చప్పుడు చెవికి వినబడింది. ఆ రెంటికీ సంబంధముందని అందరమూ అనుకున్నాము.

ఆ సమయంలో మా మేనమామ ఊరికి వచ్చినాడు. ఆయన పక్కనే గుంతకల్లు జంక్షనులో, రైల్వే క్యారేజీ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఇంటి ముందు ట్రాలీ పోతుంటే తల తిప్పినాడు.

"ఏమ్రా అల్లుడూ, ఎన్నాళ్ళ నుంచి చేస్తాండాదిది?"

"దసరా ముందర నుంచి మామా. పట్టీలు మార్పించినా. ఏం కాదులే, చప్పుడు చేస్తాదంతే."

"చేస్తాదంతే అంటే కాదు. నువ్వు సీటు మీద కూర్చుంటే నీకు ఇంజను తప్ప ఇంకేం వినపడదు. దిగు. ఇంకొకరితో తోలించు. మనిద్దరం దారికి చెరొక పక్క నిలబడదాం."

రైల్వేలో ఇది పాత పద్ధతి. బండి స్టేషనులోకి వస్తుంటే పరీక్షించేవారు పట్టాలకు రెండు వైపులా నిలబడి ఒక్కొక్క చక్రాన్ని చూస్తూ, వింటూ ఉంటారు. బండి ఆగిన తర్వాత ఇరుసు పెట్టెలను చేత్తో తాకి వేడి చూసేవారు. సుత్తితో చక్రాన్ని తట్టి, పలుకు చెడితే బీటు ఉందని అనుమానించేవారు. ఇప్పుడు వేడి కొలిచే పరికరాలు వచ్చినాయి కాని, మూలసూత్రం అదే.

మీరూ అట్లే చేయండి. చదునైన, జన సంచారం లేని దారి చూసుకొని మొదట ట్రాలీ విప్పేసి ట్రాక్టరు ఒక్కటే తోలించండి. చప్పుడు అప్పటికీ ఉంటే ట్రాలీని ఊరికే నిందించినట్లే. లేకపోతే ట్రాలీదే. ట్రాలీ కట్టి, ఖాళీగా ఒకసారి, కొంత బరువుతో ఒకసారి తోలించండి. చదును దారిలో క్షణం పాటు క్లచ్చి నొక్కి చూడమనండి. ఇంజను మోత తగ్గినా కింద చప్పుడు తగ్గకుండా వస్తుంటే అది చక్రాలకు సంబంధించినది. వాలులో మాత్రం లోడు బండికి ఈ పని ఎన్నడూ చేయవద్దు. బండి చేతికి చిక్కదు.

ఆ తర్వాత లెక్క ఉంది. మా మామ టైరు పక్కన సున్నంతో ఒక గీత పెట్టించినాడు. గీత కిందికి వచ్చినప్పుడల్లా చప్పుడు వస్తున్నదా, లేక దానితో సంబంధం లేకుండా వస్తున్నదా అని చూడడానికి. అంతకన్న సులభంగా కూడా చేయవచ్చు. గంటకు 10 కిలోమీటర్ల వేగమంటే మనిషి మెల్లగా పరుగెత్తే వేగం. ఆ వేగంలో 900-16 సైజు ట్రాలీ టైరు 10 సెకన్లలో సుమారు 10 చుట్లు తిరుగుతుంది. ట్రాక్టరు ముందరి 600-16 టైరు 12 చుట్లు, వెనక పెద్ద టైరు సుమారు 7 చుట్లు తిరుగుతాయి. గడియారం చూస్తూ టక్కుటక్కులు లెక్కపెట్టండి. పది వస్తే ట్రాలీ చక్రం, ఏడు వస్తే ట్రాక్టరు వెనక చక్రం. టైరు గాడిలో ఇరుక్కున్న కంకరరాయి కూడా ఇట్లే చుట్టుకొకసారి కొడుతుంది. కాబట్టి భయపడే ముందు టైరంతా ఒకసారి తడిమి చూడండి. మా ఊళ్ళో ఒకరు ఆ రాయి కోసం బళ్ళారి దాకా పోయి వచ్చినారు!

చుట్టుతో లెక్క కుదరని చప్పుళ్ళు వేరే ఉన్నాయి. గుంతలో పడినప్పుడు మాత్రమే "ఠక్" మంటే కమాన్ పట్టీలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులైనాయేమో చూడాలి. వాటిని అట్లే వదిలితే పట్టీల నడిమి బోల్టు తెగి, ఇరుసు పక్కకు జరుగుతుంది. టైరు ఒకవైపే అరిగిపోతుంటే ఇది అనుమానించండి. కదిలేటప్పుడు, ఆగేటప్పుడు "ధడ్" మంటే అది ట్రాక్టరుకు తగిలించే కొక్కెం పిన్ను, దాని రంధ్రం అరిగినవి. ఆ పిన్నుకు తాళపు మేకు ఉన్నదా లేదా చూడండి. మేకు బదులు తీగముక్క చుట్టిన ట్రాలీలు నేను చాలా చూసినాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ తీగ తెగితే ట్రాలీ వెనక్కి పోతుంది. వెనకాల ఎవరున్నారో దానికి తెలియదు.

మరి "గర్రు" మని సాగదీసినట్లు వచ్చి, వేగంతో, బరువుతో పెరిగే చప్పుడు? అది బేరింగుది. అన్నిటిలోకి ప్రమాదకరమైనది ఇదే.

మా తమ్ముడి ట్రాలీని అరగంట తిప్పి ఆపినాక మామ రెండు హబ్బులనూ చేతి వెనక వైపుతో తాకినాడు. అరచేతితో తాకితే కాలినప్పుడు చేయి ముడుచుకొని అంటుకుపోతుందట, అందుకని. కుడి హబ్బు గోరువెచ్చగా ఉంది, అది సహజం. ఎడమ హబ్బు మీద చేయి నిలవలేదు. "ఇదిరా నీ పాట" అన్నాడు.

ఇక కింద చూసే పని. ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పవలసి ఉంది, కోపగించుకోకండి. ఇంజను ఆపి తాళం చెవి జేబులో వేసుకోండి. ట్రాక్టరును గేరులో ఉంచి బ్రేకు బిగించండి. లేపని చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. రేగడి నేలలో జాకీ మెల్లగా దిగబడుతుంది. కింద మందమైన పలక వేసి కాని ఎత్తవద్దు. ఎత్తినాక ఇరుసు కింద గట్టి దిమ్మె పెట్టి బరువంతా దాని మీదికి దింపండి. జాకీ మీద నిలబడిన ట్రాలీ కిందికి ఎవరూ దూరవద్దు. ఇటుకలు చిట్లుతాయి, వాటిని నమ్మవద్దు. హైడ్రాలిక్ తొట్టి ఎత్తి దాని కింద చూడవలసి వస్తే, తొట్టికి ఇనుప ఊతం ఇచ్చిన తర్వాతనే. నూనె గొట్టం పగిలితే తొట్టి దిగడానికి మనం తల తీసుకునేంత వ్యవధి ఉండదు.

చక్రం గాలిలోకి లేచినాక పైనా కిందా పట్టుకొని ఊపండి. లొడలొడమని ఆడితే బేరింగు వదులైనా అయి ఉండాలి, అరిగినా అయి ఉండాలి. తర్వాత చేత్తో తిప్పుతూ, రెండవ చేతి వేళ్ళు కమాన్ పట్టీ మీద ఆనించండి. చెడ్డ బేరింగు గరగర వేళ్ళకు తెలుస్తుంది. ఒక మూరెడు కట్టె తీసుకొని ఒక కొన హబ్బుకు, ఇంకో కొన చెవి దగ్గర ఎముకకు ఆనించి వింటే డాక్టరు గొట్టంతో విన్నట్లు ఉంటుంది. మంచి బేరింగు "సర్" మని జారుతుంది. చెడ్డది ఇసుక నమిలినట్లు కరకరమంటుంది. చక్రాన్ని చేత్తోనే తిప్పండి, ఇంజనుతో కాదు.

హబ్బు విప్పినాము. గ్రీసు ఉండవలసిన చోట గోధుమరంగు బురద ఉంది. బయటి బేరింగు రోలర్లను పట్టి ఉంచే పంజరం రెండు ముక్కలైంది. రోలర్లు నీలి రంగుకు తిరిగినాయి. అంటే అంత వేడికి కాగినాయన్న మాట. ఇరుసు కొన కూడా గీతలు పడింది. ఇంకొన్ని లోడ్లు పోయి ఉంటే బేరింగు పట్టేసి ఇరుసు కొన తెగేది, చక్రం ఊడిపోయేది. అంతకు ముందు రోజు సాయంత్రం చేను నుంచి కూలికి వచ్చిన ఆడవాళ్ళు ఆ మూటల మీదనే కూర్చొని ఊరికి వచ్చినారు. ట్రాలీలో మనుషులను ఎక్కించడం చట్టం ఒప్పుకోదు, అందరికీ తెలుసు, అయినా ఎక్కిస్తాము. మా తమ్ముడు ఆ ముక్కలను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు మాట్లాడలేదు.

హబ్బులోకి నీళ్ళు ఎట్లా పోయినాయి? మూత ఎప్పుడో రాలిపోయింది, దాని బదులు గుడ్డ కుక్కినారు. అంతే కాదు. లోడు దించి వచ్చి, చక్రాలు కడగడానికి ట్రాలీని నేరుగా వంకలోకి తోలే అలవాటు ఉంది. వేడిగా ఉన్న హబ్బు చన్నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీలు సందుల్లో నుంచి నీళ్ళను లోపలికి లాగుకుంటుంది. తాత కొయ్య చక్రాన్ని కుంటలో నానబెట్టి బాగు చేసుకున్నాడు. మనవడు అదే పని ఇనుప హబ్బుకు చేసి చెడగొట్టుకున్నాడు. కాబట్టి దూరం నుంచి వచ్చిన ట్రాలీని హబ్బులు చల్లారే దాకా నీళ్ళలోకి దింపవద్దు. పొలానికి వంక దాటక తప్పనివారు ఏడాదికొకసారి కాదు, పంట మోత మొదలయ్యే ముందు ఒకసారి, అయిపోయినాక ఒకసారి హబ్బులు విప్పి చూడడం మంచిది.

బేరింగు మార్చేటప్పుడు హబ్బులో బిగిసి ఉన్న దాని బయటి రింగును కూడా మార్చాలి. పాత రింగులో కొత్త రోలర్లు ఎక్కువ కాలం నిలవవు. సీలు కొత్తది వేయండి. హబ్బును కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టండి. గ్రీసును అరచేతిలో పెట్టుకొని రోలర్ల మధ్యకు ఒత్తి ఎక్కించాలి. హబ్బు ఖాళీ అంతా కూరితే వేడికి పొంగి సీలును తోసేస్తుంది. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ, బరువుగా తిరిగే దాకా బిగించి, మళ్ళీ కొద్దిగా వదిలి, దగ్గర రంధ్రంలో కొత్త స్ప్లిట్ పిన్ను వేయండి. "గట్టిగా ఉంటే మంచిది" అని బిగించి వదిలితే కొత్త బేరింగు కూడా పాతదాని దారే పడుతుంది. అయిదారు కిలోమీటర్లు పోయినాక ఆగి రెండు హబ్బులూ తాకి పోల్చుకోండి.

ఈ పనులు చేత్తో చేసి నేర్చుకోవాలనుకునే యువకులకు మన జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ 1983 నుంచి ఉంది. విస్తరణ మిత్రులకు ఒక మనవి. పంట మోత మొదలయ్యే ముందు ఊళ్ళోని ట్రాలీలను ఒక ఉదయం రైతు సేవా కేంద్రం ముందుకు రప్పించి, నాలుగైదింటి చక్రాలు లేపి ఊపి చూపించండి. ఉపన్యాసం అక్కరలేదు. ఒక విరిగిన బేరింగు సంపాదించి అందరి చేతికీ ఇవ్వండి, చాలు.

మా తమ్ముడి ట్రాలీకి బేరింగులు వేసి మళ్ళీ తోలించినాము. గర్రు పోయింది. కాని వెనక నుంచి గలగలమని ఇంకా ఏదో వస్తున్నది. చూస్తే అదే తలుపు గొలుసు, మొదట తాడుతో కట్టినది, తాడు తెగిపోయింది. పాత సైకిలు ట్యూబు కోసి గొలుసుకు తొడుగుతామని మా తమ్ముడు లేచినాడు.

"దాన్ని అట్లే ఉండనీరా" అన్నాడు మామ. "ట్రాలీ వస్తాండాదని ఊళ్ళో పిల్లోళ్ళకు తెలియద్దా?"