కొలబద్దకే కొలత

(ప్లాటినం జూబిలీ విజ్ఞాన సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

అంగడిలోని తూకపు రాళ్లపై తూనికలు కొలతల శాఖవారి ముద్రను మీరు చూచే ఉంటారు. తూచే రాయిని ముందుగా తూచి చూశారనడానికి ఆ ముద్రయే సాక్ష్యం. మరి ఆకాశంలో తిరిగే ఉపగ్రహానికి ఆ ముద్ర వేసేదెవరు?

1999 డిసెంబరు 18న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా టెర్రా ఉపగ్రహాన్ని ప్రయోగించింది. అందులోని మోడిస్ అనే పరికరం అడవుల పచ్చదనాన్ని, సముద్రాల రంగును, మేఘాలను, మంచును కాంతి ద్వారా కొలుస్తుంది. కాలక్రమాన పరికరపు చూపు మందగిస్తుంది. దానిని దించి బాగుచేయడం సాధ్యం కాదు. అందుచేత దాని పక్కనే ఒక తెల్లని ఫలకాన్ని అమర్చారు. ఆ ఫలకంపై సూర్యకాంతిని పడనిచ్చి, అక్కడినుండి వచ్చే వెలుగుతో పరికరాన్ని సరిచూస్తారు.

అద్దం కాంతిని ఒకే దిశకు మళ్లిస్తుంది. సున్నం వేసిన గోడ అన్ని దిశలకూ వెదజల్లుతుంది. ఇక్కడ కావలసినది గోడ గుణమే. స్పెక్ట్రలాన్ అనే ఈ పదార్థం వంటపెనాలకు పూసే టెఫ్లాన్ జాతికి చెందినది. దృశ్యకాంతిలో దాదాపు 99 శాతాన్ని తిరిగి పంపుతుంది. అయినను అన్ని కోణాలలోను సరిసమానంగా వెదజల్లే ఉపరితలం ప్రకృతిలో లేదు. కనుక ప్రయోగానికి పూర్వమే ప్రయోగశాలలో కాంతి పడే కోణాన్ని, చూసే కోణాన్ని, రంగును మార్చి మార్చి, ప్రతిసారీ ఎంత వెలుగు తిరిగి వస్తున్నదో కొలిచి పట్టిక వేస్తారు.

అంతటితో చింత తీరదు. అతినీలలోహిత కిరణాల తాకిడికి ఆ తెలుపు క్రమంగా మాసిపోతుంది. నీలి కాంతిలో ఈ నష్టం అధికం. ఫలకం మాసిన సంగతి గుర్తించకపోతే పరికరమే బలహీనపడిందని భ్రమిస్తాము. లెక్కను పైకి సవరిస్తాము. భూమి ఉన్నదానికంటె కాంతిమంతంగా కనిపిస్తుంది. పుడమిపై జరగని మార్పు మన పట్టికలలో జరిగినట్లు నమోదవుతుంది! దీనిని నివారించడానికి సూర్యుని ఒకమారు, ఫలకాన్ని ఒకమారు చూచి పోల్చే మరొక పరికరాన్ని కూడ అమర్చారు. 2003లో ఫలకపు తలుపు మొరాయించి, ఆ జూలై నుండి తెరిచియే ఉంచవలసి వచ్చినప్పుడు క్షీణత వేగిరపడింది. ఆ వేగాన్ని లెక్కకట్టి చెప్పినది ఈ కావలి పరికరమే. పైగా చంద్రుని కూడ సాక్షిగా పిలిచారు. ఆ నేల పరావర్తన గుణం మన కాలమానంలో మారదు గదా!

విద్యార్థులారా! భూమి వేడెక్కుతున్నదా, అడవి తరుగుతున్నదా అనే తీర్పులు ఇట్టి కొలతలపై ఆధారపడినవి. కొలిచేవాడు తన కొలబద్దను నిత్యం శంకించడమే విజ్ఞానశాస్త్రపు నిజాయితీ. పిల్లలకు మార్కులు వేసే మా ఉపాధ్యాయులకు సైతం ఇది శిరోధార్యమని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.