కార్డులు ఎన్నయినా అప్పు ఒక్కటే

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లం. అయినా మా ఇంటి లెక్కే తప్పాం. అందుకే ఈ విషయం మీద మాట్లాడటానికి ఒప్పుకున్నాం.

నెలజీతం వచ్చేవాళ్లమని మూడు బ్యాంకులవాళ్లు వరసగా క్రెడిట్ కార్డులు ఇచ్చారు. పెళ్లిబట్టలు ఒకదాని మీద, ఫ్రిజ్ ఇంకొకదాని మీద, ఆసుపత్రి ఖర్చు మూడోదాని మీద పెట్టాం. ఏ బిల్లు చూసినా చిన్నదే. మూడూ కలిపి మాత్రం ఏనాడూ చూడలేదు. ఒక కార్డులో నగదు తీసి ఇంకో కార్డుకు కట్టేదాకా వచ్చింది. చివరికి మా ఇంట్లోవారి గాజులు తాకట్టు పెట్టి బయటపడ్డాం. "హిసాబు రాసుకొని ఉంటే ఇవి నా చేతికే ఉండేవి గదా" అని ఆమె అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

చిత్తూరులో గానీ, తిరుపతిలో గానీ ఎవరైనా నూటికి మూడున్నర రూపాయల వడ్డీ అంటే మనం దండం పెట్టి లేచి వస్తాం. కార్డులో బాకీ మిగిల్చితే చాలా చోట్ల పడేది ఇంచుమించు ఆ వడ్డీయే. 40,000 రూపాయల బాకీకి కనీస మొత్తం 2,000 కట్టామనుకోండి. వడ్డీ 1,400, దాని మీద జి.ఎస్.టి. 252 పోగా, అసలులో తగ్గేది 348 రూపాయలే!

ఇది మనకు కొత్త అనుభవం కాదు. మైక్రోఫైనాన్స్ రోజుల్లో ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకరికి కట్టడానికి ఇంకొకరి దగ్గర తెచ్చి ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. అప్పుడు వారం వాయిదా, ఇప్పుడు నెల బిల్లు. తేడా అంతే.

మరి ఏం చేయాలి? అప్పును రాసిపెట్టుకోమని సూరా బఖరా 282వ ఆయత్ చెబుతోంది. నోటుబుక్కులో ఒకే పేజీ మీద అన్ని కార్డుల బాకీలు, గడువు తేదీలు రాసి కింద మొత్తం కూడండి. ప్రతి నెలా బిల్లు పూర్తిగా కట్టండి. అది చేతకాకపోతే అన్నింటికీ కనీస మొత్తం కట్టి, మిగిలిన డబ్బు ఎక్కువ వడ్డీ ఉన్న కార్డుకు వేయండి. బాకీ ఉన్న కార్డుతో కొత్తగా ఏదీ కొనవద్దు. కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డుతో నగదు అసలే తీయవద్దు. అక్కర లేని కార్డును బాకీ తీర్చి మూయించండి. 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, అడిగిన 7 పనిదినాల్లో మూయకపోతే బ్యాంకు రోజుకు 500 రూపాయలు మనకు ఇచ్చుకోవాలి.

సిగ్గుపడి దాచుకుంటే అప్పు పెరుగుతుందే గానీ తరగదు. బిల్లులు తీసుకొని సాయంత్రం బడి వదిలాక మా దగ్గరికి రండి. కూర్చొని కూడుదాం. ఇంకొక ఇంట్లో గాజులు తాకట్టుకు పోకుండా ఉంటే మాకు అదే చాలు.

సెలవు. ఖుదా హాఫిజ్.